కిటికీ పక్కన కునుకు

మా ఇంటి టీచరమ్మకి,

ఇక్కడ మేమిద్దరం కులాసా. నీ ట్రైనింగ్ సాఫీగా సాగుతోందనీ, హాస్టల్లో నీ పక్క మంచం ఆవిడ గురక కాస్త తగ్గిందనీ తలుస్తాను.

మొక్కలకు నీళ్ళు పోస్తున్నాం. మీ అమ్మగారు మాత్రలు వేళకే వేసుకుంటున్నారు. "మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారా, మౌనవ్రతమేనా?" అని అడిగావు. పెళ్ళయిన నాటి నుంచీ మా మాటలన్నీ నీ మీదుగానే నడిచాయి కదా. నువ్వు వెళ్ళిన కొత్తలో ఇద్దరం గోడలతో మాట్లాడాం. "కాఫీ అయింది" అని ఆవిడ గిన్నెలకు చెప్పేవారు. నేను వెళ్ళి తాగేవాణ్ణి.

ఇప్పుడు ఆవిడ లైబ్రరీలో పెద్దవాళ్ళకు నేర్పే నీటిరంగుల క్లాసులో చేరారు. మొదట వరసపెట్టి టీ కప్పులు వేశారు. అన్నీ ఏదో ఒక పక్కకు ఒరిగే ఉండేవి. తర్వాత మాస్టారు, తీరిగ్గా ఉన్న మనిషిని ఒకరిని వేసుకురమ్మన్నారట. ఇరుగుపొరుగు ఎవరినడిగినా అంతసేపు కదలకుండా కూర్చోవడం మా వల్ల కాదన్నారు. అల్లుణ్ణి అడగడానికి ఆవిడకు మొహమాటం. ఒక మధ్యాహ్నం కిటికీ పక్క కుర్చీలో నాకు కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి ఎదురుగా ఆవిడ, ముక్కు మీద నీలం మరకతో, బ్రష్ చీర కొంగులో దాచుకుంటూ కనిపించారు.

బొమ్మంతా పలచటి నీలం, గోధుమ రంగు. నోరు కాస్త తెరిచి, ఒక చెయ్యి కిందికి వేలాడేసి ఒక మనిషి ఒంటరిగా నిద్రపోతున్నాడు. వెలుతురు పడిన చోట రంగే వెయ్యకుండా కాగితాన్ని తెల్లగా వదిలేశారు. నా బట్టతల మీద మరీ ధారాళంగా వదిలేశారు. తెల్లారకముందే బేకరీ పొయ్యి ముందు నిలబడేవాణ్ణి, ఊరికే ఉంటే ఎలా ఉంటానో నాకేం తెలుసు? ఎవడో సుఖపురుషుడు అనుకున్నాను. వాడి మీద కాస్త ఈర్ష్య కూడా కలిగింది.

ఆ బొమ్మ ఫొటో దీనితో పాటు పంపుతున్నాను. అందుకే ఈ సంగతి చెప్పక తప్పదు. స్టూలు మీద నా కాలి దగ్గర తెల్లగా కనిపించేది దిండు కాదు, పిండికట్టు. బేకరీలో పిండి బస్తా జారి పాదం మీద పడి ఎముక చిట్లింది. చెబితే అన్నీ వదిలేసి మర్నాడే బస్సెక్కుతావని ఫోన్లో కూడా దాచాను. ఆవిడ చేత కూడా ఒట్టు వేయించుకున్నాను. ఇప్పుడు ఎముక అతికింది, కట్టు విప్పేశారు, సోమవారం పనిలోకి వెళ్తున్నాను. కోపం వస్తే తిట్టు, కానీ పరుగెత్తుకు రావద్దు.

ఆ రోజుల్లో నాకు అన్నీ ఆవిడే చూశారు. ఒకరోజు కట్టులోంచి బయటికి కనిపిస్తున్న నా కాలిగోళ్ళు చూసి, నెయిల్ కట్టర్ తెచ్చుకుని కింద కూర్చున్నారు. నాకు ప్రాణం చచ్చిపోయింది. పెద్దవారు, నా కాలు పట్టుకోవడమేమిటండీ అన్నాను.

"కదిలితే తెగుతుంది. ఊరుకో" అన్నారు.

ఊరుకోండి కాదు, ఊరుకో. అంతే, బుద్ధిగా ఊరుకున్నాను. అప్పటినుంచీ గిన్నెలకు చెప్పడం మానేసి నాకే చెబుతున్నారు. అన్నీ చెబుతున్నారు. చిన్నప్పుడు నువ్వు చేసిన ఆగడాలు కూడా.

నిన్న లైబ్రరీలో అందరి బొమ్మలూ గోడలకు పెట్టారు. కుంటుకుంటూ నేనూ వెళ్ళాను. మన బొమ్మను హాల్లోనే ఉంచేసుకుంటామని లైబ్రేరియన్ అడిగాడు. ఆవిడ ముఖం చూడాలి నువ్వు. అయినా ఒప్పుకోలేదు.

"ఇంకోటి వేసిస్తానండీ. ఇది మా అబ్బాయి, ఇంట్లో ఉండాలి" అన్నారు.

లైబ్రేరియన్ నన్నూ ఆవిడనూ మార్చి మార్చి చూసి, అమ్మగారి పోలిక ఒక్కటీ రాలేదే మీకు అన్నాడు.

"నాన్నగారి పోలికండీ" అన్నాను.

ఆవిడ కాదనలేదు.

ఇట్లు,
మీ ఆయన