గేటు ముందు ఎర్ర గీత

మార్చి 4

మొత్తానికి మా రోడ్డుకి కూడా మోక్షం వచ్చింది. ఇంటర్నెట్ కేబుల్ వేస్తారట. పొద్దున ఒకతను చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, కర్రలాంటి మిషన్ నేల మీద ఊపుకుంటూ వచ్చాడు. అది కూసిన చోటల్లా స్ప్రే కొట్టాడు. సాయంత్రానికి రోడ్డంతా రంగురంగుల గీతలు, బాణాలు, అంకెలు. పిచ్చివాడి చేతికి సున్నం బకెట్ ఇచ్చినట్టుంది.

నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. నాది ఆడియోలు విని టైప్ చేసే ఉద్యోగం. సిగ్నల్ కోసం లాప్‌టాప్ పట్టుకుని వాటర్ ట్యాంక్ మెట్లెక్కే తిప్పలు ఇక తప్పుతాయి.

మార్చి 5

గీతలాయన్ని పట్టుకున్నాను. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి వాటి భాషంతా రాబట్టాను. నీలం నీళ్ళ పైపు. ఎరుపు కరెంటు. తెలుపు, తవ్వబోయే చోటు. బాణం పక్కన అంకె లోతు. రేపటికి తను ఇంకో ఊళ్ళో ఉంటాడట, వెనకాల తవ్వేవాళ్ళు వస్తారట. వాళ్ళు ఎవర్నీ ఏమీ అడగరట, రంగు ఏం చెబితే అదే చేస్తారట. ఎరుపు కనబడితే గునపం కూడా దించరని నవ్వాడు.

గేటుకి కుడి పక్క ఒక సున్నా చుట్టి లోపల ప్రశ్నార్థకం వేశాడు. ఇదేమిటని అడిగాను. మిషన్ సన్నగా కూసిందట. పాత రేకుముక్క ఏదో అయ్యుంటుంది, వదిలేయమన్నాడు.

రాత్రి అన్నాల దగ్గర మా ఆయనకీ అత్తయ్యకీ రోడ్డంతా చదివి వినిపించాను. నాకు తిక్క ముదిరిందని మా ఆయన తేల్చేశాడు. అత్తయ్య సగం అన్నంలోనే చెయ్యి కడుక్కున్నారు.

మార్చి 6

అత్తయ్య అన్నం ముట్టలేదు.

మార్చి 7

ఎందుకో ఇవాళ తెలిసింది. గేటుకి ఎడమ పక్కనున్న నల్ల రాయి మీద తెల్ల చదరం ఉంది. నాలుగిళ్ళకీ కేబుల్ పంచే పెట్టె అక్కడే దించుతారు, మనిషి దిగేంత గుంట తవ్వి. మొన్న ఆ సంగతి గొప్పగా చదివి చెప్పింది నేనే. నా నోరు పడిపోనూ.

ఆ రాయిని ఆవిడ రోజూ పొద్దున్నే ఎందుకు కడుగుతారో ఈ ఇంటికొచ్చిన ఇన్నేళ్ళలో నేను అడిగిన పాపాన పోలేదు. ఇవాళ ఆవిడే చెప్పారు. మా ఆయనకంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టిందట. పేరు పెట్టకముందే పోయిందట. ఈవిడ జ్వరంతో ఒళ్ళు తెలియకుండా ఉంటే, మామయ్య ఒక్కరే ఎత్తుకెళ్ళి ఇంటి ముందు జాగాలో పూడ్చి, పైన ఆ రాయి పెట్టారట. ముచ్చటపడి కొన్న ఆకుపచ్చ రేకు గిలక్కాయని కూడా పిల్ల పక్కనే ఉంచారట. తర్వాత రోడ్డు వెడల్పు చేసినప్పుడు జాగా పోయింది. కూలీలు రాయిని తీసి అవతల పారేశారు. అప్పటికి మామయ్య లేరు. ఈవిడే దగ్గరుండి మళ్ళీ పెట్టించుకున్నారు.

పిల్ల మొహం ఎలాగూ సరిగ్గా చూసుకోలేదు, ఆ చోటైనా ఉండనివ్వమని వాళ్ళకి చెప్పమ్మా అని నా చెయ్యి పట్టుకున్నారు. ఆఫీసుకి ఫోన్ చేశాను. గీతలు పడ్డాక ప్లాన్ మారదట. కంప్లెయింట్ నంబర్ రాసుకోమన్నారు. ఒళ్ళు మండిపోయింది.

మార్చి 8, మధ్యాహ్నం

మా ఆయన స్కూటర్ మడ్‌గార్డు కోసం తెచ్చిన ఎర్ర స్ప్రే డబ్బా పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. రోడ్డు మీద పిట్ట లేదు. తెల్ల చదరం మీదుగా, రాయిని చుట్టి, కరెంటు స్తంభం దాకా ఎర్ర గీత లాగాను. ఒక బాణం, పక్కన అంకె. అచ్చం గీతలాయన వేసినట్టే వచ్చింది. నిజం చెప్పొద్దూ, సంతోషంగా ఉంది. ఈ ఇంట్లో ఆవిడ కోసం మనసుపెట్టి చేసిన మొదటి పని ఇదేనేమో.

అత్తయ్యకి చెప్పలేదు. వరండాలో కుర్చీలోనే కళ్ళు మూసుకుని నిద్రపోతున్నారు.

మార్చి 11

తవ్వేవాళ్ళు వచ్చారు. ఎరుపు చూడగానే మేస్త్రీ చెయ్యెత్తి తవ్వే మిషన్ ఆపించాడు. ఎడమ పక్క కరెంటుందట, గుంట కుడి పక్కకి జరపాలట. నేను వంటింట్లో ఎగిరి గంతేశాను.

మిషన్ కుడి పక్కకి తిరిగింది. ఇల్లంతా అదిరింది, షెల్ఫులో కప్పులు గలగలలాడాయి. కాసేపటికి ఆపారు. మేస్త్రీ గుంటలోంచి ఏదో తీసి, మట్టి దులిపి ప్రహరీ మీద పెట్టాడు. ఎవరో పిల్లల ఆటవస్తువులా ఉందని నాతో అని, మళ్ళీ పనిలో పడ్డాడు.

గిలక్కాయ. తుప్పు కింద ఇంకా కాస్త ఆకుపచ్చ ఉంది.

సున్నాలో ప్రశ్నార్థకం. రోడ్డంతా చదివానే, అదొక్కటీ చదవలేదు. రాయిని తప్పు చోట పెట్టించుకున్నారు ఆవిడ. ఇన్నేళ్ళూ ఉత్త నేలని కడిగారు. నా మానాన నేనుంటే వాళ్ళు ఆ ఉత్త నేలనే తవ్వి పోయేవాళ్ళు, పిల్ల జోలికి వెళ్ళేవాళ్ళు కాదు. నేనే మిషన్‌ని పిల్ల దగ్గరికి పంపాను.

దేవుడా. మట్టికుప్పలో రెండు చేతులూ పెట్టి వెతికాను. దేనికోసమో ఇక్కడ రాయలేను. మట్టి తప్ప ఏమీ లేదు.

ఏం దొరికిందని వరండాలోంచి అత్తయ్య అడిగారు. రేకుముక్క అని చెప్పాను. తర్వాత లోపలికొచ్చి, రాయి జోలికి రాలేదు చూశావా అని నా తల నిమిరారు. ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను.

మార్చి 14

గిలక్కాయ బీరువాలో నా చీరల కింద ఉంది. లారీ వెళ్ళినప్పుడల్లా లోపల గింజలు కదులుతున్నాయి. ఆ గోడ అవతలే అత్తయ్య గది. ఏదో చప్పుడవుతోందేమని అడిగారు. కప్పులేమో అన్నాను.

మార్చి 15

దుప్పట్లో చుట్టి పెట్టాను. అయినా మోగుతోంది. మా ఆయనకి ఏమీ వినబడటం లేదట.

మార్చి 19

ఇంటర్నెట్ వచ్చింది. స్పీడ్ చూడు, స్పీడ్ చూడు అని మా ఆయన ఒకటే సంబరం. ఆ కుడి పక్క పెట్టెలోంచే కదా వస్తోంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పనికి కూర్చున్నాను. ఎవరో ఆఫీసర్ల మీటింగ్. మాటకీ మాటకీ మధ్య గలగల. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. రికార్డింగ్‌లో లేదు.

మార్చి 23

బీరువాలో గిలక్కాయ లేదు.

అత్తయ్య ఇవాళ రాయి కడగలేదు. ఆవిడ గోళ్ళలో మట్టి ఉంది.

గేటుకి కుడి పక్క, పెట్టెని ఆనుకుని, చేత్తో తవ్వి కప్పిన కొత్త మట్టి మీద ఎర్ర గీత ఉంది. వంకరటింకరగా ఉంది. బాణం లేదు, అంకె లేదు. స్ప్రే డబ్బా వరండాలో ఆవిడ కుర్చీ కింద దొరికింది.

అయితే నేను గీత గీసిన ఆ మధ్యాహ్నం ఆవిడ నిద్రపోలేదన్నమాట.