తగిలిందండి

ఆదివారం, రాత్రి

సామర్లకోటలో ఇవాళ ఫెన్సింగ్ పోటీ. మా కీర్తన ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయింది. ఆఖరి పాయింటు దగ్గర అవతలి అమ్మాయి కత్తి మొన మా పిల్ల జాకెట్‌కి తగిలింది. రిఫరీ చూడలేదు. కీర్తనే చెయ్యెత్తి, నేను నేర్పినట్టే, “తగిలిందండి” అంది.

జిల్లా సంఘం సెక్రటరీగారు మా దగ్గరికొచ్చి మొదలుపెట్టారు. “చిన్నపిల్లలకి ఓపికున్న మీలాంటోళ్లు చాలండి. జిల్లా జట్టుకి గెలిపించే కోచ్ కావాలి. రిఫరీ చూడంది మనమెందుకండీ చెప్పడం?”

“జిల్లా స్థాయికొచ్చేసరికి తగిలింది కాస్తా తగలనట్టు అయిపోద్దేంటండి?” అన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నారు.

నన్ను తీసేస్తారేమో. ఆ తర్వాత ఈ పిల్లలకి ఎవరొచ్చి ఏం నేర్పుతారో... తీసేస్తే తీసెయ్యనీ. నా పాఠం మాత్రం మార్చను.

కీర్తన కళ్లు తుడుచుకుంటూ, “ఇకమీదట చెప్పకూడదా మేడమ్?” అని అడిగింది. ఆయన ఇంకా అక్కడే ఉన్నారు. నేను జాకెట్, మాస్క్ వేసుకుని ఎదురుగా నిలబడి, “రా, కొట్టు” అన్నాను. కొట్టింది. మొన సరిగ్గా నా గుండెల మీద తగిలింది.

చెయ్యెత్తి, హాలంతా వినపడేలా, ఆ పిల్లతోనే అన్నాను: “తగిలిందండి!”