కరపత్రంలో నాలుగో లైను

నవంబర్ 28
జంగారెడ్డి కరపత్రం పొద్దున్నే గేటు సందులోంచి వచ్చి పడింది. "ఊరి ఐక్యత, ఊరి గౌరవం, ఊరి అభివృద్ధి." అంతే. చేసే పని ఒక్కటీ లేదు.

1860లో అమెరికా అధ్యక్ష పదవికి నలుగురు పోటీ పడ్డారు. అందులో ఒకరి పార్టీ మేనిఫెస్టో ఇదే మాదిరి - రాజ్యాంగం, ఐక్యత, చట్టాల అమలు. దేశం బానిసత్వం మీద రెండుగా చీలుతుంటే దాని గురించి ఒక్క ముక్క లేదు. ఆ కాగితం ఇన్నేళ్లకు మా చిన్నాన్న కొడుకు జంగారెడ్డి చేతికొచ్చింది. నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడే బడి గ్రౌండుకు కాగితాలు పుట్టించి ప్లాట్లుగా అమ్మినవాడు. ఐక్యతట!

సర్పంచ్‌కి నా నామినేషన్ నిలిచింది. వాడి ఏకగ్రీవం పోయింది. సాయంత్రం ఎదురుపడ్డాడు.
"ఏందన్న, గీ వయసుల నీకు గీ లొల్లెందుకు? జర ఇంట్ల కూసోరాదు."
"నేను కూసున్న కుర్సీ కింద జాగ గూడ ప్లాట్లు జేస్తవ్. గందుకే లేచిన."
చాలా ఏళ్ల తర్వాత కడుపు నిండా అన్నం తిన్నాను.

నవంబర్ 30
సత్తెమ్మ ఇంటి అరుగు మీద కూర్చున్నాం. నా దగ్గర అయిదో తరగతి చదివింది, ఇప్పుడు మా తరఫున వార్డుకు నిలబడింది. ఆటో నడిపే యాదగిరి ఇంకో వార్డుకు. మా కరపత్రానికి నాలుగు లైన్లు రాసుకుపోయాను. మురికి కాలువ. బస్సు. పాలకేంద్రంలో కళ్ల ముందే కొలత. నాలుగోది - బడి గ్రౌండులో ప్లాట్లు రద్దు.

"గా నాలుగోది తీసెయ్యాలె సార్. ఇరువై ఇండ్లున్నయ్ గాడ," అన్నాడు యాదగిరి.
"మా బిడ్డ ఇల్లు గాడనే గద సార్," సత్తెమ్మ.
లైను పోతే నేనూ పోతానన్నాను. చేతులెత్తారు. కొట్టేశారు.
చెప్పులేసుకుని వచ్చేశాను. ఆగమన్నవాళ్లు లేరు.

డిసెంబర్ 1
మళ్లీ 1860. ఆ నలుగురిలో ఒకడు, తర్వాత బానిసలకు విడుదల ప్రకటించిన పొడుగాటి వకీలు. అతన్ని నిలబెట్టిన పార్టీ సభ, షికాగోలో. బానిసత్వాన్ని కొత్త ప్రాంతాలకు పాకనివ్వం, సాగు చేసుకునేవాడికి ఉచితంగా భూమి, పసిఫిక్ దాకా రైలు... ఒక్కొక్కరికి ఒక్కో లైను. ఒహాయో నుంచి వచ్చిన తెల్లజుట్టు ముసలాయన ఇంకొక్క వాక్యం అడిగాడు - మనుషులంతా సమానంగా పుట్టారని. ఓడగొట్టారు. లేచి వెళ్లిపోయాడు. తర్వాత ఒక యువకుడు లేచి సభను సిగ్గుపడేలా చేశాడు. వాక్యం తిరిగి చేర్చారు. ముసలాయన తిరిగొచ్చాడు.

గేటు చప్పుడైంది... మేక.

డిసెంబర్ 2
ఎవరూ రాలేదు.

డిసెంబర్ 3
సత్తెమ్మ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.
"అలిగిన్రా సార్? మేం అలిగితె గోడకు నిలవెడ్తుంటిరి."
ఒహాయో ముసలాయన కథ చెప్పాను. శ్రద్ధగా విన్నది.
"గాయిన అడిగిన లైనుతోని ఎవలి ఇల్లన్న కూలిందా సార్?"

కూలాయి. యుద్ధమే వచ్చింది. కానీ ఆ వాక్యం అడిగింది గొలుసుల్లో ఉన్నవాళ్ల కోసం. నేను కూల్చమంటున్నది సత్తెమ్మ కూతురు అప్పు చేసి కట్టుకున్న రెండు గదులు. ఇది ఆమెతో అనలేదు.

"రేపు పొద్దుగాల యాదన్న పట్నం ప్రెస్సుకు పోతడు. ఏమన్న రాసిస్తె ఇయ్యుండ్రి. లేకుంటె మూడు లైన్లే. ఫోటో మాత్రం మీదే."

డిసెంబర్ 4
తప్పుకోను. దక్షిణాన చాలా రాష్ట్రాల్లో ఆ వకీలు పేరున్న ఓటు చీటీయే లేదు. అయినా గెలిచాడు.

కొనుక్కున్నవాళ్లది నేరం కాదు. గ్రౌండు మూలన కంచె వేసి జంగారెడ్డి తనకు అట్టిపెట్టుకున్న ఖాళీ జాగ ఉంది. నాలుగో లైను మార్చి రాశాను - "ఇండ్ల జోలికి పోము. జంగారెడ్డి కంచె తీయించి ఆ జాగ బడికి ఇప్పిస్తాం." వాడి పేరు అవసరమా? కొట్టేశాను. మళ్లీ రాశాను. పేరుండాలి. ఈ ఊళ్లో ఇన్నేళ్లుగా ఆ గ్రౌండు పక్కన వాడి పేరు ఎవరూ కాగితం మీద పెట్టలేదు.

యాదగిరి ఆటోలోనే కూర్చుని చదివాడు. రెండుసార్లు. "పేరు గూడనా సార్?" అన్నాడు. అవ్ అన్నాను. మడిచి జేబులో పెట్టుకుని ఆటో స్టార్ట్ చేశాడు.

కుడికి తిరిగితే పట్నం పోయే సాగర్ రోడ్డు, ప్రెస్సు. ఆ పేరు మళ్లీ కొట్టేయించాలంటే ఎడమకు సత్తెమ్మ ఇల్లు. నేను వెనక్కి గేటు దాకా నడిచి చూసేసరికి ఆటో కనిపించలేదు, ఎటు తిరిగిందో.