కామ్రేడ్ గది తాళంచెవి

అన్నా, నువ్వు మాకు సగం అర్థమే చెప్పి పోయావు. కామ్రేడ్ అనే మాట స్పెయిన్ సైనికుల దగ్గర పుట్టిందని, ఒకే గదిలో పడుకునేవాళ్లని దాని అర్థమని, జహీరాబాద్ సంఘం ఆఫీసులో చాప పరుస్తూ చెప్పేవాడివి. ఆ గదిలో ఆడవాళ్లకు చోటుందా అన్నది మాత్రం చెప్పలేదు. మాటతో పాటు ఆ సైనికుల గది గోడలు కూడా మనకు దిగుమతి అయ్యాయని ఇప్పుడు నా అనుమానం.

నిన్న నీ వర్ధంతి సభ. మగవాళ్లతో సమానంగా కూలి ఇవ్వాలని మొగుడంపల్లిలో అల్లం తవ్వే ఆడవాళ్లు పని ఆపారు. వాళ్లను వెంటబెట్టుకుని నీ భార్య, మా ఈశ్వరమ్మ వదిన, సభకు వచ్చింది. వేదిక మీద అందరూ కామ్రేడ్లే, ఆమె ఒక్కతే "కామ్రేడ్ గారి సతీమణి". మన ఆనవాయితీ ప్రకారం శాలువా కప్పి, మెట్లు దిగమన్నారు.

"గింత ఎండల శాలువా ఎందుకయ్యా? మైకు జర ఇటియ్యి," అంది వదిన.

"టైం లేదొదినా. ఇంక పెద్దలు మాట్లాడాలె," అన్నాడు కార్యదర్శి.

"నా మొగని గురించి మీరే చెప్పుకోన్రి. నేను మా కూలి గురించి చెప్త."

అయినా మైకు ఇవ్వలేదు. ఆ పెద్దల్లో ఇద్దరు అల్లం పండించేవాళ్లు. టైం లేదన్న మాట నేనెట్లా నమ్మను?

నువ్వు లేవు కాబట్టి సంఘాన్నే అడుగుతున్నాను:

అల్లం తవ్వకంలో ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే కూలి ఇప్పించాలి.

వచ్చే సభలో ఈశ్వరమ్మే మొదట మాట్లాడాలి. శాలువా వద్దు.

ఆమెను కామ్రేడ్ అని పిలవాలి.

ఆఫీసు గది తాళంచెవి ఒకటి ఆమె చేతికివ్వాలి.