పురుగు తరఫున

మంగళవారం

కొత్తగా చేరిన స్వాతి ఈ రోజు ల్యాబ్‌లో ముసలి నులిపురుగుల ప్లేటు పట్టుకొచ్చింది. "అక్కా, ఇవి గొడ్డుపోయినయ్. పారేద్దామా?" అంది.

ఎందుకో చాలా కోపం వచ్చింది. "సరిగ్గ చూడు. ఈ పురుగుల ఆడా మగా రెండూ ఒక్కటే. చిన్నప్పుడు దీని బీజకణాలు వీర్యకణాలైతయ్, అవి దాచుకుంటది. పెద్దయినంక ఇగ అన్నీ గుడ్లే. గుడ్లు ఇంకా పెడ్తనే ఉన్నది. అయిపోయినవి వీర్యకణాలు" అన్నాను. గదిలో అందరికీ వినపడింది.

సాయంత్రం మైలార్‌దేవ్‌పల్లిలో మా ఇంట్లోనే ప్రార్థన కూటం. అత్తమ్మ అందరి ముందు లేచి, "మా కోడలి గర్భం తెరవమని జర ప్రార్థన చెయ్యుండ్రి" అంది.

మా ఆయన డేవిడ్ వీర్య పరీక్ష రిపోర్టు వచ్చి నెల దాటింది. లోపం అతనిలోనే ఉందని మా ఇద్దరికే తెలుసు. అమ్మకు తానే చెప్తానన్నాడు. అతని వైపే చూస్తూ కూర్చున్నాను. ఉదయం పురుగు తరఫున అంత గట్టిగా మాట్లాడినదాన్ని, నా తరఫున నోరు తెరవలేకపోయాను.

డేవిడ్ కళ్లు మూసుకునే ఉన్నాడు. ప్రార్థన అయ్యాక అందరికన్నా ముందు "ఆమెన్" అన్నది అతనే.