నల్ల పిడి కత్తి

చిరంజీవి జైల్స్‌కి,

ముందు నీ తప్పు దిద్దనీ, దీవెనలు తరవాత. మన ఇంటి కత్తి పిడి నల్లగా ఉన్నది, నువ్వు రాసినట్టు, చీకట్లో శత్రువుకి కనపడకూడదని కాదు. రాజుగారు పోతే దర్బారుకి మెరిసే పిడితో వెళ్లకూడదు. బూటు బకిల్ దగ్గర్నుంచి కత్తి పిడి దాకా అన్నీ నల్లవే ఉండాలి. మీ పూర్వీకుడు ఆ కత్తి కట్టుకుని చేసిన యుద్ధమల్లా దర్బారు మెట్ల మీద జారిపడకుండా నిలబడటమే.

ఇక దీవెనలు. ఇక్కడ లడ్లో ఊళ్లో అంతా క్షేమం, నా మోకాళ్లని లెక్కలోకి తీసుకోకపోతే. పక్కింటి మిసెస్ బీవన్ జామ్ సీసా ఇచ్చింది. అందులో చక్కెర తక్కువ, ఇస్తూ చెప్పిన ఉపన్యాసం ఎక్కువ.

మన కత్తిని అమ్మబోతున్న మీ వేలం కంపెనీ కేటలాగు అందింది. నీ పేరుతో అచ్చయిన మొదటి పేజీ కదా, కళ్లజోడు తుడుచుకుని మరీ రెండుసార్లు చదివాను. "పిడి మీద తొలినాటి నలుపు చెక్కుచెదరలేదు" అన్న వాక్యం బాగా కుదిరింది. జిల్లా మ్యూజియం పార్గెటర్ గారు ఆ ఒక్క మాట చూసే గురువారం వేలానికి వస్తున్నారని రాశావు. దాన్నెవరైనా ఎప్పుడైనా తోమారా అని కిందటి ఉత్తరంలోనూ అడిగావు. నేను జవాబుగా నీ దగ్గు గురించి రాశాను. నువ్వు గమనించలేదు.

తోమారు. నేనే.

పెళ్లయి రెండు వారాలు. మా అత్తగారు అగస్టా, తన చెల్లెలింటికి వెళ్లారు. వచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉంచి మెప్పు పొందాలని నా తాపత్రయం. గోడ మీది కత్తి పిడికి మురికి పట్టిందనుకుని, నూనె, గరుకు కాగితం పెట్టి మూడు గంటలు రుద్దాను. వెండిలా మెరిసింది. మామగారు లోపలికొచ్చి చూశారు.

"అమ్మాయ్, అది మురికి కాదు. సంతాపం."

"అయ్యో, ఎవరు పోయారండీ?"

"రాజుగారు, రెండొందల ఏళ్ల కిందట. మీ అత్త వచ్చి ఇది చూస్తే, ఆయన వెనకాలే మనిద్దరం."

ఆయనే కోటు విప్పి, ఇనప పొయ్యికి పూసే నల్లరంగు డబ్బా తెచ్చారు. ఇద్దరం కూచుని పూశాం. సాయంత్రం టీ దగ్గర అత్తగారు గోడకేసి చూసి, "ఇదివరకటి కన్నా నల్లబడినట్టుందే?" అన్నారు.

"బెంగ ముదిరినట్టుంది, అగస్టా," అన్నారాయన, టీలో బిస్కెట్టు ముంచుకుంటూ.

ఈ సంగతి మీ తాతకి కూడా చెప్పలేదు. నీకూ చెప్పేదాన్ని కాదేమో, నీ పేరు ఆ వాక్యం కింద లేకపోతే. ఆ పేజీ మార్చు. పార్గెటర్ గారు మొహం చిట్లిస్తే చిట్లించనీ. కత్తి అసలుదే, సంతాపానికి చేయించిందే. పైన కనిపించే నలుపే నాది. రేపు ఇంకెవరో కనిపెడితే నిన్ను మోసగాడంటారు. ఇప్పుడే నువ్వు చెబితే నన్ను తెలివితక్కువ కోడలంటారు. నాకు ఎనభై మూడేళ్లు, ఆ మాట పడగలను.

బుధవారం పొద్దున్నే రంగు కరిగించే టర్పెంటైన్ చిన్న సీసా కొను. పార్గెటర్ గారిని పిలిచి, ఆయన ఎదుటే పిడి కిందున్న రెండు ఉంగరాల లోపలి వైపు తుడువు. నా గరుకు కాగితం అక్కడికి దూరలేదు, పై పూత కింద పాత నలుపు ఇంకా ఉంటుంది. గుడ్డకి అంటింది నా పనితనం, ఎంత తుడిచినా అంటనిది రాజుగారి మీది సంతాపం. గుడ్డ ఉతికిన తెల్లది పట్టుకెళ్లు. నీ జేబురుమాలు మాత్రం వద్దు, దాని సంగతి నాకు తెలుసు.

ఇట్లు,
నీ మేలు కోరే, నీ తప్పులు దిద్దే నాయనమ్మ
హెస్టర్