ఖాళీ అట్టల దండ

ఏవండీ,

అన్నం, దొండకాయ వేపుడు టేబుల్ మీద మూతపెట్టి ఉంచాను. తినే ముందు షుగరు బిళ్ళ వేసుకోండి, ఇంట్లో మిగిలింది అదొక్కటే.

ఖాళీ అట్టలు తిరిగిస్తేనే కంపెనీలో కొత్త బిళ్ళలిస్తారని మీరు డబ్బాలో దాచారు కదా, వాటి కోసం వెతక్కండి. అన్నీ దారానికి గుచ్చి దండ చేశాను. ఇవాళ పటమట ఫంక్షన్ హాల్లో మీ ఫ్యాక్టరీ మేనేజరు రాజశేఖరానికి రిటైర్మెంట్ సన్మానం. ఆయన మెడలో నా చేత్తోనే వేస్తాను.

రిటైరైనవాళ్ళ మందులకని ప్రభుత్వం సబ్సిడీ ఇస్తూనే ఉంది, కంపెనీ తీసుకుంటూనే ఉంది. ఆయన మాత్రం మీ బిళ్ళలు ఆపించి, "ఈ వయసులో మందులు మింగి ఏం సాధిస్తారండీ?" అన్నాడు. మీరు నవ్వేసి వచ్చారు. మీ కాళ్ళ మంటలకి కొబ్బరినూనె రాసేదాన్ని నేను కాబట్టి నాకు నవ్వు రాలేదు.

నేను రావడం ఆలస్యమైతే కంగారుపడకండి. పాలు కాచి పెట్టాను.

భ్రమరాంబ

రాయడం మర్చిపోయాను. రేపట్నుంచి ఆయనా రిటైర్డే. మళ్ళీ బిళ్ళలిచ్చిన రోజున మందుల క్యూలో మీ వెనకాలే నిలబడతాడు. అలవాటుకొద్దీ "నమస్కారం సార్" అని ముందుకి పంపారో, ఇక ఇంటికి రావొద్దు.